పసిచేతుల పనితనం

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటిలో వాడి పారవేసే వస్తువులతో పిల్లలచేత ఆటవస్తువులు చేయించడం వల్ల కలిగే ప్రయోజనాలను వివరించడం, చేతిపనికీ చదువుకూ గల సంబంధాన్ని తెలియజేయడం, వస్తువులను వాడే విషయంలో విద్యార్థులకు వివేచన కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వ్యర్థమనే మాటకు ప్రయోజనం లేనిదని అర్థం. అయితే ప్రయోజనమనేది వస్తువును బట్టే కాక, దానిని చేతిలోకి తీసుకొన్న మనిషిని బట్టి కూడ ఉంటుంది. అగ్గిపుల్లలు అయిపోగానే పెద్దవారికి అగ్గిపెట్టెతో పని తీరిపోతుంది. అయిదేండ్ల పిల్లవాడికి అప్పుడే దానితో పని మొదలవుతుంది. నాలుగు పెట్టెలను దారంతో వరుసగా కలిపితే రైలుబండి. రెండింటి నడుమ పొడవైన దారం బిగువుగా కడితే టెలిఫోను. ఒకదానిపై ఒకటి పేర్చి అతికిస్తే సొరుగుల బీరువా. పెద్దల దృష్టికి ఖాళీగా కనిపించిన పెట్టె పిల్లవాడి దృష్టికి అవకాశంగా కనిపిస్తుంది. ఈ చూపును కాపాడి పెంచడం విద్య చేయవలసిన పనులలో ముఖ్యమైనది.

మన పల్లెలలో ఈ విద్యకు బడి అక్కరలేకపోయింది. వేసవిలో తాటిముంజలు తిన్న తరువాత మిగిలిన కాయలు చక్రాలయ్యేవి. రెండు కాయలను పుల్లతో కలిపి ఇరుసు చేసి, పంగలకర్రతో తోసుకొంటూ పిల్లలు వీధులన్నీ తిరిగేవారు. కొబ్బరాకు బూరగా, గాలిపంకగా, చేతిగడియారంగా మారేది. బొప్పాయి ఆకు కాడ ఊదుడుగొట్టమయ్యేది. బొమ్మల కొలువు పెట్టే ఇండ్లలో మెట్ల మీది బొమ్మలు పెద్దలు కొన్నవైనా, వాటి పక్కన అట్టముక్కలతో కట్టిన ఇండ్లు, ఆవాలు చల్లి మొలిపించిన తోటలు పిల్లల చేతిపనులే. పెద్దలు కూడ ఈ పాఠాన్ని ఆచరణలో చూపేవారు. అమ్మమ్మల పాతచీరలు బొంతలయ్యేవి. చిరిగిన కాగితాలు నానబెట్టి, మెంతిపిండితో కలిపి రుబ్బి, చేటలకూ బుట్టలకూ పూసేవారు. దీనికి పునర్వినియోగమని ఎవరూ పేరు పెట్టలేదు. వస్తువు దొరకడం కష్టమైన రోజులలో ఇది అవసరంగా పుట్టి అలవాటుగా స్థిరపడింది. ఆనాటి లేమిని మనం కోరుకోనక్కరలేదు. ఆ లేమి నేర్పిన నేర్పును మాత్రం పోగొట్టుకోకూడదు.

నేడు ఆటవస్తువులు అంగడిలో సిద్ధంగా లభిస్తున్నాయి. వాటిలో మంచివి లేకపోలేదు. కాని చాలా బొమ్మలు లోపల ఏమున్నదో తెలియకుండ మూసివేసినవే. మీట నొక్కితే కదులుతాయి, పాడుతాయి, వెలుగుతాయి. ఎందుకు కదులుతున్నాయో పిల్లవాడికి తెలియదు. ఒకనాడు కదలడం మానేస్తాయి. ఎందుకు మానివేశాయో కూడ తెలియదు. విప్పి చూడబోతే పెద్దలు కోప్పడతారు. బొమ్మ చెత్తకుప్పకు చేరుతుంది, దాని స్థానంలో మరొకటి ఇంటికి వస్తుంది. ఈ క్రమంలో పిల్లవాడు తనకు తెలియకుండానే రెండు పాఠాలు నేర్చుకొంటున్నాడు. వస్తువులు అంగడి నుంచి వస్తాయనేది మొదటిది. చెడిపోయిన వస్తువుకు పారవేయడం తప్ప మరో దారి లేదనేది రెండవది. ఈ రెండూ మనసులో నాటుకొన్న బాలుడు పెరిగి పెద్దవాడై ఇంజనీరు పట్టా పొందినా, చెడిపోయిన యంత్రం ముందు నిస్సహాయుడుగానే నిలబడతాడు. అందువల్ల ఇది పిల్లల కాలక్షేపానికి సంబంధించిన చిన్న విషయం కాదు.

చేతికీ మెదడుకూ గల ఈ సంబంధాన్ని మన పెద్దలు ముందే గుర్తించారు. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసదస్సులో గాంధీజీ చేతివృత్తిని కేంద్రంగా చేసుకొన్న ప్రాథమిక విద్యను ప్రతిపాదించారు. దానికి రూపకల్పన చేయడానికి డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. పిల్లవాడు నూలు వడుకుతూ గణితాన్ని, మట్టిపని చేస్తూ ప్రకృతిశాస్త్రాన్ని నేర్చుకోవాలనేది ఆ ఆలోచన సారాంశం. ఆ విధానం దేశమంతటా స్థిరపడలేదు. అయినా దాని వెనుక ఉన్న సూత్రం చెదరలేదు. చేతితో చేసి తెలుసుకొన్నది మరపునకు రాదు.

ఈ సూత్రాన్ని పారవేసిన వస్తువులకు అన్వయించి విశేషమైన కృషి చేసినవారు అరవింద్ గుప్తా. ఆయన 1953లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో జన్మించారు. 1975లో కాన్పూరు ఐ.ఐ.టి. నుంచి ఇంజనీరింగు పట్టా పొంది, పూణేలోని టెల్కో కర్మాగారంలో ఉద్యోగంలో చేరారు. అప్పటికే మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో ఒక విద్యాప్రయోగం నడుస్తున్నది. 1972లో 16 పల్లెబడులలో ప్రారంభమైన ఆ కార్యక్రమం పేరు హోషంగాబాద్ విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం. సూత్రాలను వల్లె వేయించడం మాని, ప్రయోగాలు చేయించి విజ్ఞానశాస్త్రం నేర్పాలన్నది దాని లక్ష్యం. అది 2002 వరకు కొనసాగింది. గుప్తా 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడ పనిచేయడానికి వెళ్ళారు.

పల్లెబడులకు గాజు పరికరాలు, ఖరీదైన నమూనాలు అందుబాటులో ఉండవు. బడి దగ్గర దొరికే వస్తువులతోనే బోధన సాగాలి. గుప్తా అక్కడి వారపు సంతలో తిరుగుతూ, సైకిలు చక్రానికి గాలి కొట్టే వాల్వులో వాడే సన్నని రబ్బరు గొట్టాన్ని చూశారు. చిన్న ముక్కలుగా కోస్తే, వాటిలో అగ్గిపుల్లలు సరిగ్గా ఇమిడినాయి. పుల్లలు కడ్డీలు, రబ్బరు ముక్కలు కీళ్ళు! అక్కడి నుంచి ఆయన జీవితం కొత్త దారి పట్టింది. ఈ నమూనాలతో ఆయన రచించిన తొలి పుస్తకం అనేక భారతీయ భాషలలో వెలువడింది. 2003 నుంచి 2014 వరకు ఆయన పూణేలోని ఐయూకా ఖగోళశాస్త్ర సంస్థకు చెందిన పిల్లల విజ్ఞానకేంద్రంలో పనిచేశారు. పాత వార్తాపత్రికలు, మందుసీసాల మూతలు, ఖాళీ రీఫిళ్ళు, పాడైన టార్చిసెల్లులు అక్కడ బోధనసామగ్రి అయినాయి. 2018లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. బొమ్మను విరగగొట్టి లోపల చూడడం పిల్లవాడు దానితో చేయగల మంచి పని అని ఆయన అభిప్రాయం. బొమ్మలు విరిచినందుకు దెబ్బలు తిన్నవారికి ఈ మాట ఆశ్చర్యంగా తోచవచ్చును. ఆలోచిస్తే, శోధన అక్కడే మొదలవుతున్నదని తెలుస్తుంది.

ఆ అగ్గిపుల్లల నమూనాను మనమూ చేసి చూడవచ్చును. పుల్లల కొసలలోని మందును పెద్దవారు ముందుగా బ్లేడుతో గీకి తీసివేయాలి. వాల్వు ట్యూబును వేలి వెడల్పు ముక్కలుగా కోయాలి. మూడు పుల్లలను మూడు రబ్బరు ముక్కలతో కలిపితే త్రిభుజం ఏర్పడుతుంది. నాలుగు పుల్లలను నాలుగు ముక్కలతో కలిపితే చతురస్రం ఏర్పడుతుంది. ఇప్పుడు రెండింటినీ పిల్లవాడి చేతికిచ్చి నొక్కమనాలి. చతురస్రం పక్కకు ఒరిగి సమచతుర్భుజంగా మారిపోతుంది. త్రిభుజం కదలదు. భుజాల పొడవులు మారనంతవరకు త్రిభుజంలోని కోణాలు కూడ మారలేవు. చతురస్రానికి ఆ కట్టుబాటు లేదు.

తరువాత త్రిభుజంలోని ప్రతి రబ్బరు ముక్కకూ నడుమ తుమ్మముల్లుతో రంధ్రం చేసి, ఒక్కొక్క పుల్లను నిలువుగా గుచ్చాలి. మరొక ముక్కకు రంధ్రం చేస్తే మూడు పుల్లలను పట్టే కీలు తయారవుతుంది. పైకి లేచిన మూడు పుల్లల కొసలను దానిలో కలపాలి. ఆరు పుల్లలు, నాలుగు కీళ్ళతో చతుర్ముఖి సిద్ధమవుతుంది. పన్నెండు పుల్లలతో ఘనాన్ని కూడ చేసి, రెండింటినీ నేలపై పెట్టి పైనుంచి మెల్లగా నొక్కి చూడమనాలి. చతుర్ముఖి నిలుస్తుంది, ఘనం కూలుతుంది. ఇంతవరకు వచ్చిన పిల్లవాడిని వీధిలోకి తీసుకొనిపోయి సైకిలు చట్రాన్ని చూపాలి. రాజమహేంద్రవరం వెళ్ళే అవకాశముంటే, గోదావరిపై 1974లో ప్రారంభమైన రైలు-రోడ్డు వంతెనను చూపాలి. ఉక్కు కడ్డీల నడుమ ఉన్న త్రిభుజాలను ఎవరూ చెప్పకుండానే వాడు గుర్తుపడతాడు. అగ్గిపెట్టెడు పుల్లలు ఒక మహాసేతువును అర్థం చేసుకొనే కన్నులనిచ్చాయి.

మరొక ఉదాహరణ. నీళ్ళు అమ్మే ప్లాస్టిక్ సీసా ఒకటి, పాడైపోయిన పెన్ను మూత ఒకటి తీసుకోవాలి. మూత కొసన రంధ్రముంటే మైనంతో మూసి, కిందివైపు అంచుకు కొంచెం మైనం అంటించాలి. దానిని గ్లాసు నీటిలో తెరిచిన వైపు కిందికి ఉండేటట్లు వదలాలి. మూతలో చిక్కుకొన్న గాలి దానిని తేలుస్తుంది. కొస మాత్రమే నీటిపై కనిపించేటట్లు మైనాన్ని సరిచూసుకోవాలి. ఈ సరిచూడడమే ఆటలో సగం ఆనందం. తరువాత సీసాను నిండుగా నీటితో నింపి, మూతను అందులో వదలి, బిరడా గట్టిగా బిగించాలి. సీసాను నొక్కితే మూత అడుగునకు మునుగుతుంది. వదిలితే పైకి తేలుతుంది.

చిన్నపిల్లలకు ఇది ఇంద్రజాలం. మీకు మాత్రం ఇది భౌతికశాస్త్ర పాఠం. నొక్కినప్పుడు కలిగిన పీడనం నీటి ద్వారా అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. ఇది పాస్కల్ నియమం. ఆ పీడనానికి మూతలోని గాలి కుదించుకొనిపోతుంది. ఇది బాయిల్ నియమం. గాలి తగ్గిన చోటికి నీరు చేరుతుంది, అంతకుముందు మూత తొలగించినంత నీటిని ఇప్పుడు తొలగించలేదు. అందువల్ల తేలే బలం తగ్గి మునుగుతుంది. ఇది ఆర్కిమెడిస్ సూత్రం. మూడు నియమాలను మూడు పుటలలో వేరువేరుగా చదివిన విద్యార్థి, అవి మూడూ ఒక పెన్నుమూతలో కలిసి పనిచేయడం ఇక్కడ చూస్తాడు.

విజ్ఞానానికే గాక నిత్యవాడుకకు పనికివచ్చే వస్తువులను కూడ పిల్లలు చేయగలరు. పైన చెప్పిన కాగితపు గుజ్జు ఇందుకు తగినది. పాత వార్తాపత్రికలను ముక్కలుగా చింపి రెండు మూడు రోజులు నానబెట్టాలి. నీరు పిండి, రోటిలో మెత్తగా దంచాలి. నానిన మెంతులను రుబ్బి అందులో కలపాలి. మెంతులలోని జిగురు కాగితపు పీచులను పట్టి ఉంచుతుంది. వాటి చేదు పురుగులను దూరంగా ఉంచుతుందని పెద్దల అనుభవం. ఈ ముద్దను బోర్లించిన గిన్నెపై తడిగుడ్డ పరచి, సమమైన మందంలో అద్ది, ఎండలో బాగా ఆరబెట్టాలి. గిన్నెను తీసివేస్తే తేలికైన బుట్ట చేతికి వస్తుంది. దానిలో పిల్లవాడు తన పెన్సిళ్ళను, గోళీలను దాచుకొంటాడు. తాను చేసిన వస్తువు ఇంటిలో వాడుకకు రావడం పిల్లలకు ఎంతో గౌరవాన్నిస్తుంది. ఒకవేళ ఎండ చాలక బుట్ట పగిలితే, ఆ ముక్కలను మళ్ళీ నానబెట్టి మొదటినుంచి చేయవచ్చును. తప్పును దిద్దుకొనే అవకాశమిచ్చే వస్తువు పిల్లలకు మంచి గురువు.

ఈ పనిలో పెద్దల పాత్ర సున్నితమైనది. పిల్లలకు బడిలో ఒక నమూనా చేసి తెమ్మని చెబుతారు. కొందరు ఇండ్లలో ఆ రాత్రి తండ్రి అట్టలు కోస్తాడు, తల్లి రంగులు వేస్తుంది, పిల్లవాడు నిద్రపోతాడు. మరికొందరు దుకాణంలో సిద్ధంగా ఉన్నదానిని కొని తెస్తారు. మరునాడు అందమైన నమూనాకు మంచి మార్కులు వస్తాయి. తానే వంకరటింకరగా చేసి తెచ్చిన పిల్లవాడు తలవంచుకొంటాడు. పని చేసినవాడు సిగ్గుపడడం, చేయనివాడు మెప్పు పొందడం కంటె విద్యకు హాని మరొకటి ఉండబోదు. చక్రం తిరగకపోతే ఎందుకు తిరగడం లేదని పిల్లవాడిని అడగాలి కాని, వాడి చేతిలో నుంచి బండి లాగుకొని సరిచేయకూడదు. కత్తి, బ్లేడు, నిప్పు అవసరమైన చోట మాత్రమే పెద్దల చేయి ముందుకు రావాలి. మిగిలిన చోట్ల ఓపికగా చూస్తూ కూర్చోవడమే వారు చేయగల సహాయం.

మరొక జాగ్రత్త కూడ అవసరం. పాతసీసాను అలంకరించడానికి కొత్త మెరుపుకాగితాలు, జిగురుసీసాలు, ప్లాస్టిక్ పూలు కొని తెస్తే వ్యర్థం తగ్గకపోగా పెరుగుతుంది. అలంకరణకు వాడే థర్మోకోలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువులలో ఒకటి. ఒక రోజు ప్రదర్శనకు పెట్టి మరునాడు చెత్తలో వేసే నమూనా పునర్వినియోగమనిపించుకోదు. ఆడుకొనడానికో, వాడుకొనడానికో, విప్పి మరొకటి చేయడానికో పనికివచ్చినప్పుడే ఆ పేరు సార్థకమవుతుంది. పారవేసిన వస్తువులన్నీ పిల్లలకు తగినవి కూడ కావు. పగిలిన గాజు, కాలిపోయిన ట్యూబులైట్లు, కారిన బ్యాటరీలు, సూదులు, పురుగుమందుల డబ్బాలు వారి చేతికి అందనీయకూడదు. మిగిలిన డబ్బాలు, సీసాలు శుభ్రంగా కడిగి ఆరబెట్టిన తరువాతనే ఇవ్వాలి. ఇంటిలోని చెత్త అంతా బొమ్మలుగా మారిపోతుందని భ్రమపడనక్కరలేదు. ఈ పని వల్ల చెత్తకుప్ప తరిగేది కొద్దిగానే. చెత్తను గురించి పిల్లవాడి ఆలోచన మారేది మాత్రం ఎంతో.

ఒక బండి చేసిన బాలుడికి చక్రం గుండ్రంగా ఎందుకుండాలో తెలుస్తుంది. ఒక బుట్ట చేసిన బాలికకు ఒక వస్తువు వెనుక ఎంత శ్రమ ఉంటుందో తెలుస్తుంది. కుమ్మరిని, వడ్రంగిని, సైకిలు బాగుచేసే మేస్త్రీని వారు చిన్నచూపు చూడరు. వస్తువు చెడిపోయినప్పుడు వారు మొదట ఎందుకు చెడిందని అడుగుతారు, బాగుచేయవచ్చునా అని తరువాత అడుగుతారు, పారవేయాలా అన్న ప్రశ్న వారికి చివర వస్తుంది. మీ ఇండ్లలో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఇరుగుపొరుగు పిల్లలు ఉంటారు. పరీక్షల చదువులో తలమునకలుగా ఉన్న మీరు వారానికి ఒక మధ్యాహ్నం వారితో కూర్చుంటే, వారికి ఆట దొరుకుతుంది. మీరు పుస్తకంలో చదివినదానికి రూపం దొరుకుతుంది. వారు అడిగే ‘ఎందుకు’లకు జవాబు చెప్పబోయినప్పుడే, మీకు నిజంగా ఎంత తెలుసో మీకు తెలుస్తుంది.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. పారవేసిన వస్తువులతో ఆటవస్తువులు చేయడం పిల్లల ఆలోచనను ఎట్లా తీర్చిదిద్దుతుందో పాఠం ఆధారంగా వివరించండి.
2. అరవింద్ గుప్తా కృషిని గురించి రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. అంగడి బొమ్మల వల్ల పిల్లలు నేర్చుకొనే రెండు పాఠాలు ఏవి?
2. త్రిభుజం కదలకపోవడానికి, చతురస్రం ఒరగడానికి కారణమేమిటి?
3. సీసాను నొక్కినప్పుడు పెన్నుమూత ఎందుకు మునుగుతుంది?
4. పిల్లలు చేతిపని చేసేటప్పుడు పెద్దలు ఎట్లా మెలగాలి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. వార్ధా విద్యాసదస్సు ఏ సంవత్సరంలో జరిగింది?
2. కాగితపు గుజ్జులో మెంతులు ఎందుకు కలుపుతారు?
3. హోషంగాబాద్ కార్యక్రమం ఎన్ని బడులతో ప్రారంభమైంది?

సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి

1. "చేతితో చేసి తెలుసుకొన్నది మరపునకు రాదు."
2. "తప్పును దిద్దుకొనే అవకాశమిచ్చే వస్తువు పిల్లలకు మంచి గురువు."

భాషాభ్యాసం

1. కింది పదాలకు అర్థాలు రాసి, సొంతవాక్యాలలో ప్రయోగించండి: వివేచన, నిస్సహాయుడు, సార్థకం, చిన్నచూపు, తలమునకలు.
2. కింది పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి: కొబ్బరాకు, మహాసేతువును అర్థం చేసుకోవడంలో వాడిన ‘అగ్గిపెట్టెడు’, పునర్వినియోగం.

ప్రాజెక్టు పని

మీ ఇంటిలో ఒక వారం రోజులలో పారవేసిన వస్తువుల పట్టిక రాయండి. వాటిలో ఒకదానితో ఒక చిన్నపిల్లవాడిచేత గాని, పాపచేత గాని ఆటవస్తువు చేయించి, ఆ పనిలో వచ్చిన చిక్కులను, వాటిని పిల్లలు పరిష్కరించిన తీరును ఒక పుటలో రాయండి.